మెట్ల సాధనకు ప్రోటీన్ డబ్బా

అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కడాన్నే సాధనగా పెట్టుకున్న మిత్రులు ఏ ప్రోటీన్ పొడి కొనాలని అడిగితే, నేను ముందు వారి బరువు అడుగుతాను. ఇలా ఎక్కువసేపు సాగే సాధన చేసేవారికి రోజుకు కిలో బరువుకు సుమారు 1.2 నుండి 1.6 గ్రాముల ప్రోటీన్ చాలు. అంటే 60 కిలోల మనిషికి 72 నుండి 96 గ్రాములు. చిత్తూరు వైపు విరివిగా పండే వేరుశనగ, ఉలవలు, వాటికి తోడు గుడ్లు, పెరుగు ఇందులో చాలా భాగం సమకూరుస్తాయి కాబట్టి, తక్కువ పడినంత మేరకే వే ప్రోటీన్ (పాల విరుగుడు నుండి తీసే పొడి) వాడటం మంచిది.

డబ్బా ముందువైపు కండల బొమ్మను వదిలి, వెనుకవైపు ఒక స్కూపులో ప్రోటీన్ ఎన్ని గ్రాములో, చక్కెర ఎంతో, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడాలి. 30 గ్రాముల స్కూపులో ప్రోటీన్ 15 గ్రాములే ఉంటే, మిగతా సగం ఏమిటని దుకాణంలో నిలదీయవలసిందే. బీసీఏఏ (ప్రోటీన్‌లో భాగమైన మూడు అమైనో ఆమ్లాలు) పొడికి విడిగా డబ్బు పెట్టడం దండుగ అని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ అమైనో ఆమ్లాలు వే ప్రోటీన్‌లోనే ఉన్నాయి.

గంటకు మించిన శ్రమలో అసలు ఇంధనం పిండిపదార్థమే. గంటకు 30 నుండి 60 గ్రాములు కావాలి, రెండు అరటిపండ్లతో దాదాపు సరిపోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఏ డబ్బా మూతా తీయకూడదు.