అక్క పెళ్లి 1984లో, నా పెళ్లి 1991లో

కనుమ నాడు భోజనాలయ్యాక అన్నయ్య కాగితాల కవరు తెచ్చాడు. "బ్యాంకు లోనుకి అడిగారమ్మా, మీరిద్దరూ సంతకాలు పెడితే చాలు" అన్నాడు. అక్క పెన్ను మూత తీసేసింది కూడా. కళ్లజోడు తెచ్చుకోలేదని, ఏం రాశారో చదవమని నాకిచ్చింది. మూడో పేజీలో ఉంది అసలు విషయం: "సదరు ఆస్తియందు మాకు గల సర్వహక్కులను ఎట్టి ప్రతిఫలము లేకుండా విడుదల చేయుచున్నాము."

నేను పెన్ను మూత పెట్టేశాను. తర్వాతి పదిహేను నెలలూ ఆ మూతతోనే మొదలయ్యాయి.

మాది కృష్ణా డెల్టా. తాతల నాటి మాగాణి ఐదెకరాలు. నాన్న 2003లో వీలునామా రాయకుండానే పోయారు. ఉన్నది అమ్మ, అక్క, అన్నయ్య, నేను, తమ్ముడు. అన్నయ్య చెడ్డవాడేం కాదు. నాన్న పోయాక పొలం చూసుకున్నది, అమ్మను కనిపెట్టుకుని ఉన్నది వాడే. ఆ పొలంలో మాకూ వాటా ఉంటుందన్న ఊహే వాడికి లేదు. నిజం చెప్పొద్దూ, మాకూ లేదు. "ఆడపిల్లకి పసుపు కుంకుమ ఇచ్చేశాంగా" అన్న మాట వింటూ పెరిగినవాళ్లమే.

కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చాను. ఆదాయం ఎంతని అడుగుతారేమో అనుకున్నాను. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేదట, 1987 చట్టం ప్రకారం వకీలుని ఉచితంగానే ఇస్తారు. మాకు వచ్చినావిడ మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ పెళ్లి ఎప్పుడైంది?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. తీరా చూస్తే కథంతా అక్కడే ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నప్పుడు 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చింది. కాకపోతే 1985 సెప్టెంబరు 5 నాటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి అది వర్తించదు. నా పెళ్లి 1991లో, కాబట్టి నేను లోపల. అక్క పెళ్లి 1984లో, అందుకని తను బయట. ఒక్క తల్లి కడుపున పుట్టిన ఇద్దరం. ఆ చట్టం మీదే లెక్క కడితే, అక్కకి వచ్చేది నాన్న వాటాలోంచి పంచిన ముక్క, 25 సెంట్లు.

అక్క ఏమీ మాట్లాడలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ముహూర్తం పెట్టింది నాన్నే కదా మరి.

కానీ 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్రం తెచ్చిన సవరణలో పెళ్లయిందా లేదా అన్న మెలిక లేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా వద్దా అని చాలా ఏళ్లు కోర్టుల్లో నలిగింది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. వకీలు గారు మా ఫైలు అట్ట వెనక మళ్లీ లెక్క వేశారు. నాన్న, మేం నలుగురం, మొత్తం ఐదు వాటాలు. నాన్నది మళ్లీ అమ్మకీ మా నలుగురికీ. అమ్మకి 20 సెంట్లు, మాలో ఒక్కొక్కరికి ఎకరం 20 సెంట్లు.

మేం గది బయట బెంచీ మీద ఎదురుచూసిన రోజుల్లో ఒక ముస్లిం ఆవిడ పరిచయమైంది. వాళ్ల షరియత్‌లో కూతురికి కొడుకు వాటాలో సగమని మొదటి నుంచీ రాసే ఉంది. "మావాళ్లూ కాగితమే తెచ్చారమ్మా" అని నవ్వింది. ఇంకోరోజు ఒక సుగాలి అమ్మాయి వచ్చింది. ఎస్టీలకి హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, ఆచారం ఏమిటన్నది చూడాలి. ఆమె ఫైలు మా దానికంటే మూడింతలు లావు.

కాగితాల కోసం తిరగడం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. భూమి ఎవరి పేరున ఉందో చెప్పే 1బి నకలు తీస్తే ఐదెకరాలూ మగపిల్లల పేర్ల మీదే ఉన్నాయి. నాకు గుండె జారిపోయింది గానీ, రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు మారిపోదన్నారు. భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ తీశాం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాం.

లోక్ అదాలత్‌కి అన్నయ్య ఒక పారీకత్తు, అంటే పంపకాల కాగితం, పట్టుకొచ్చాడు. నాన్న పెద్దకర్మ నాడు తెల్లకాగితం మీద రాసుకున్నది. మడతల దగ్గర చిరిగి, సెల్లోటేపు పసుపురంగుకి తిరిగింది. కింద పెద్దమనుషుల సంతకాలు ఐదు. అమ్మ సంతకం లేదు. ఆ రోజు అమ్మ తలుపు చాటున ఉంది, నాకు గుర్తే. వకీలు గారు ఒక్కటే అడిగారు: "రిజిస్టరైందా?" 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకమైతే చట్టం దాని జోలికి పోదు. ఇది కాలేదు.

"మరి కట్నాలు?" అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి. కట్నం 1961 నుంచే నేరం, దాన్ని వాటాలో కోసుకోవడం కుదరదన్నారావిడ. తమ్ముడు మాత్రం ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఇచ్చేద్దాం అన్నయ్యా" అన్నాడు. వాడికి హైదరాబాదులో ఉద్యోగం, పొలం హద్దులు కూడా తెలియవు.

మూడో వాయిదాకి రాజీ కుదిరింది. రాజీని రాసే తీర్పులో, అవార్డంటారు దాన్ని, ఒక వాక్యం కోసం వకీలు గారు అరగంట పట్టుబట్టారు: బోదె నీళ్లు, బండిదారి అందరికీ. అప్పుడు చాదస్తం అనిపించింది. మా ముక్కలు రెండూ అన్నయ్య చెక్క దాటాక ఉన్నాయని నాట్ల రోజుల్లో గానీ అర్థం కాలేదు.

పాసుపుస్తకం అర్జీలో తండ్రి/భర్త అన్న గడి దగ్గర కుర్రాడు అడగకుండానే బావగారి పేరు రాసేశాడు. అక్క వంగి చూసి, తుడిపించి, నాన్న పేరు రాయించింది.

పొలం కౌలుకి అన్నయ్యే చేస్తున్నాడు. మొన్న డబ్బు పట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. వదిన ఇంకా ఫోను ఎత్తడం లేదు.