కోడెదూడలకు విత్తులు కొట్టించడం: నా అనుభవం

మాంసం కోసం పెంచే కోడెదూడలకు విత్తులు కొట్టించడంలో మొదటి ఏడాది నేను ఆలస్యం చేశాను. విత్తులుంటే కోడె త్వరగా కండ పడుతుందన్న మాట నిజమే. ఆ ఆశతోనే ఎనిమిది నెలలు ఆగాను. తీరా కొట్టించాక అవి సరిగా మేయక చిక్కిపోయాయి, అదనంగా వచ్చిన బరువు కాస్తా పోయింది. అప్పటికే రెండు కోడెలు పెయ్యల వెంట పడుతున్నాయి కూడా. ఆ వయసు కోడె చూలు కట్టించగలదని నాకు ముందే తట్టి ఉండాల్సింది.

ఆ ఏడాది పశువైద్యుడు బర్డిజో పటకారు వాడారు. అది తోలును కోయకుండానే లోపలి వృషణ నాళాన్ని నలిపేస్తుంది. రక్తం కారదు, ఈగలు వాలవు. ఒక్కో వైపు విడిగా నొక్కాలి, రెండు నొక్కులూ ఒకే గీతలో కలవకూడదు. కలిస్తే కింది తోలుకు రక్తం అందక కుళ్లిపోతుంది. చిక్కల్లా పని అయిందో లేదో పైకి తెలియకపోవడమే. ఆరు వారాల తర్వాత తడిమి చూస్తే ఒక కోడెకు ఎడమది ఎండిన కాయలా గట్టిపడింది, కుడిది మాత్రం నిండుగానే ఉంది. నాళం పటకారులోంచి జారిపోయిందన్నమాట. ఆ కోడెను మళ్లీ కట్టేసి, మళ్లీ నొప్పి పెట్టాల్సి వచ్చింది. ఆ బాధ నన్ను చాలాకాలం వదల్లేదు.

మరుసటి ఏడాది పుట్టిన వారంలోపే వృషణాల తిత్తికి పైభాగంలో రబ్బరు రింగు వేయడం మొదలుపెట్టాం. రింగు బిగించే ముందు తిత్తిని వేళ్లతో కిందికి దువ్వుతూ రెండు గింజలూ ఉన్నాయా అని లెక్క చూసుకోవాలి. చిక్కుడు గింజంత ఉంటాయేమో, దూడ కాలు విదిలిస్తే చాలు, ఒకటి చటుక్కున పైకి జారుకుంటుంది. రెండూ రింగు కిందికి వచ్చాయని వేళ్లకు తెలిసే దాకా రింగును సాగదీసి పట్టుకునే పటకారు వదలను. చిన్న దూడ కదా, నొప్పి ఉండదులే అనుకోవడం తప్పు. మొదటిసారి మందు లేకుండా వేసినప్పుడు దూడ పడుకోవడం, లేవడం, వెనక కాలు నేలకేసి కొట్టడం గంటకు పైగా చూశాను. అప్పటి నుంచి వైద్యుడి చేత ముందు మత్తు సూది, మరికొంతసేపు నొప్పి తగ్గించే మెలాక్సికామ్ వేయించకుండా రింగు ముట్టుకోలేదు. రింగు కింద కండ చచ్చి, కొన్ని వారాలకు ఊడిపోతుంది. ధనుర్వాతం పట్టే అవకాశం అక్కడే ఎక్కువ, అందుకే దానికీ రక్షణ ఇప్పిస్తాను. తల్లి నుంచి వేరు చేసే రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోను, ఒక దిగులు మీద మరో నొప్పి ఎందుకు?

ఈ ఏడాది ఒక దూడకు ఎంత తడిమినా ఒక్కటే దొరికింది. దొరికినదానికి రింగు వేసి ఊరుకుంటే రెండోది లోపలే ఉండిపోతుంది. అందుకే వేయకుండా తల్లి దగ్గరికి వదిలేశాను. చెవి పోగు నంబరు పుస్తకంలో రాసుకున్నాను. వచ్చే నెల వైద్యుడు మళ్లీ చూస్తారు.