శంకరాభరణంలో దూరిన కల్యాణి

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున్నుంచి వాన. మధ్యాహ్నం రెండింటికి పోయిన కరెంటు ఆరు దాటాక గానీ రాలేదు. పాలకొల్లులో ఇలాంటి ఆదివారం తిని పడుకోవడమే పని. పనసపొట్టు కూర కాస్త ఎక్కువే తిన్నాను, ఇప్పుడు పడుకుంటే సాయంత్రానికి తలనొప్పి ఖాయమని గిటార్ తీసుకుని అరుగు మీద చేరాను. పోయిన నెల మార్చిన తీగలు అప్పుడే తుప్పు రంగు తిరిగాయి. ఈ తడి గాలికి ఏ తీగా ఆగదు.

వారం రోజులుగా థర్డ్స్ పట్టుకుని వేలాడుతున్నాను. పాట నడిచే స్వరానికి, మధ్యలో ఒకటి వదిలేసి దాని పై స్వరాన్ని జోడించి మీటడం. సకి గ, రికి మ, గకి ప. క్రిస్మస్ ముందు చర్చి పక్కనుంచి వెళ్తుంటే ఒక గొంతు పాడుతుండగా ఇంకో గొంతు కాస్త ఎత్తులో దాని వెంటే నడుస్తుంది కదా, అలాంటిది.

మూడో తీగనీ రెండో తీగనీ కలిపి ఐదో ఫ్రెట్‌లో ఒక్క వేలితో అదిమితే (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది ఒక గడి) సి, ఇ పలుకుతాయి. మన లెక్కలో స, గ. వినడానికి హాయిగా ఉంది. ఇంకేముంది, అదే వేలు ఏడుకీ తొమ్మిదికీ జరుపుకుంటూ పోతే సరి అనుకున్నాను. రెండు పడవలు కలిపి కట్టిన పంటులాగా స్వరాలు రెండూ ఎంత దూరం వెళ్లినా మధ్య ఎడం మారదని నా నమ్మకం. ఏడు దగ్గర మాత్రం ఏదో ముల్లులా గుచ్చుకునేది. ఆ తప్పు తుప్పు తీగల మీదకి నెట్టేశాను.

ఇవాళ లోపల హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి బయటికొచ్చి, "నాన్నా, శంకరాభరణం వాయిస్తూ మధ్యలో కల్యాణిలోకి ఎందుకు వెళ్తున్నావ్?" అంది. తొమ్మిదో తరగతి. నాలుగేళ్లుగా పాట నేర్చుకుంటోంది.

"కల్యాణి ఏంటే?"

"రెండోసారి మీటినప్పుడు ప్రతి మధ్యమం పడుతోందిగా."

చూసుకుంటే నిజమే. ఈ రెండు రాగాలకీ తేడా మ ఒక్కటే: శంకరాభరణంలో శుద్ధ మధ్యమం, కల్యాణిలో దానికి ఒక ఫ్రెట్ పైనుండే ప్రతి మధ్యమం. రెండో తీగ ఏడో ఫ్రెట్‌లో ఉండేది ఎఫ్ షార్ప్, అంటే ఆ ప్రతి మధ్యమమే. తొమ్మిదిలో ఇంకా ఘోరం, పంచమం ఉండాల్సిన చోట దానికి ఒక ఫ్రెట్ పైనుండే శుద్ధ ధైవతం.

దాని నోటుబుక్కు వెనక పేజీలోనే లెక్క వేశాం. శంకరాభరణంలో స నుంచి పై స దాకా ఫ్రెట్ల ఎడం 2, 2, 1, 2, 2, 2, 1. థర్డ్ అంటే ఇందులో పక్కపక్క రెండు అంకెలు కలపడమే. స–గ 2+2, నాలుగు. రి–మ 2+1, మూడే. వరసగా రాస్తే 4, 3, 3, 4, 4, 3, 3. స, మ, ప దగ్గర మొదలయ్యేవి పెద్దవి, తక్కిన నాలుగూ చిన్నవి. రైసు మిల్లులో రోజూ లెక్కలు రాసేవాణ్ణి, ఈ కూడికకి నాకు వారం పట్టింది.

గిటార్‌లో మూడో తీగకీ రెండో తీగకీ మధ్య తేడా నాలుగు ఫ్రెట్లు, మిగతా పక్క తీగల మధ్య ఐదు. ట్యూన్ చేసేటప్పుడు అన్నిటికీ ఐదో ఫ్రెట్ నొక్కి మూడో తీగకి మాత్రం నాలుగోది నొక్కేది ఇందుకేనట! ఎందుకని ఒక్కనాడూ అడక్కుండా నొక్కేశాను. కాబట్టి ఈ జంట మీద పెద్దది ఒకే ఫ్రెట్‌లో పడుతుంది, చిన్నదానికి రెండో తీగ మీది వేలు ఒక ఫ్రెట్ వెనక్కి రావాలి. ముందు మూడో తీగ ఫ్రెట్, తర్వాత రెండోది రాస్తే: 5–5, 7–6, 9–8, 10–10, 12–12. తొమ్మిది దాకా బానే ఉంది కానీ, పదికి ఎక్కేటప్పుడు రెండు వేళ్లు ఎత్తి ఒక్కటే అడ్డంగా వేయాలి, అక్కడ ప్రతిసారీ తడబాటే. అరగంటకి కాస్త మాట విన్నాయి. రెండు, ఒకటో తీగల మీద ఆకారం వేరు. అది రేపు.

మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఒక్క స్వరాన్ని ఊపుతూ పలికించింది వింటే ఈ జోడీల గోల నాకెందుకు అనిపిస్తుంది. ఆ ఊపు జోడీకి తెద్దామని రెండు తీగలూ ఒకేసారి లాగి చూశాను. చెరో దారి పట్టాయి.

"మరి మాయామాళవగౌళలో?" అంది అమ్మాయి. పాట నేర్చుకునేవాళ్ల మొదటి పాఠాలు, సరళీ వరసలు, మొదలయ్యేది ఆ రాగంలోనేగా. మళ్లీ లెక్క: 1, 3, 1, 2, 1, 3, 1. కలిపితే 4, 4, 3, 3, 4, 4, చివర ని–రి దగ్గర రెండే. మూడో తీగ నాలుగో ఫ్రెట్, రెండో తీగ రెండో ఫ్రెట్. మీటగానే ఇద్దరం మొహం చిట్లించాం.

"ఇది కూడా థర్డేనా?"

పేరుకి థర్డే అన్నాను. ఇంకోసారి మీటమంది. మీటేలోగా వీధి లైటు వెలిగింది, లోపల్నుంచి కేక: "ఏవండీ, కరెంటొచ్చింది, మోటారు వేయండి!"