గుంటూరు నుంచి గుణదలకు, జాము జాముకూ

ఉదయం ఆరింటికి మా వసారాలో కూర్చుని అరవై మూడో కీర్తన చదువుకున్నాను. "దేవా, నా దేవుడవు నీవే, వేకువనే నిన్ను వెదకుదును." చదవడం అయ్యాక బైబిలు సంచిలో పెట్టుకుని గుంటూరు బస్టాండుకు నడిచాను. వెళ్లేది ఎంతో దూరం కాదు, విజయవాడలో గుణదల, అక్కడి కతోలిక సిస్టర్ల కాన్వెంటుకు. ప్రార్థన వేళల్ని ఏళ్ల తరబడి పాటిస్తున్నవాళ్ల మధ్య ఒక్క రోజైనా గడపాలని చాలాకాలంగా కోరిక.

మాది లూథరన్ కుటుంబం. 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టడంతో మొదలైన సంఘం మాది. మా ఇళ్లలో ప్రార్థన అంటే అప్పటికప్పుడు గుండెలోంచి రావాలి. పుస్తకం చూసి చేసేది ప్రార్థనే కాదనే పెద్దలు మా పేటలో ఇప్పటికీ ఉన్నారు. "వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని మత్తయి ఆరో అధ్యాయం తీసి చూపిస్తారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

రెండేళ్ల కిందట మా ఆవిడ ప్రభువునందు నిద్రించింది. రాత్రి తొమ్మిదింటికి కుటుంబ ప్రార్థన నడిపేది ఆమే. ఆమె పోయాక ఆ వేళకి కుర్చీలో కూర్చుంటే నాకు మాట పెగిలేది కాదు. ఎందుకు ప్రభువా, ఓదార్చు ప్రభువా, పిల్లల్ని కాపాడు ప్రభువా, ఆమెన్. నెలల తరబడి ఇవే ముక్కలు. సొంత మాటలు కూడా వల్లెవేత అయిపోతాయని అప్పుడే తెలిసొచ్చింది.

ఆమెతో కలిసి ఒకే బడిలో పాఠాలు చెప్పిన సిస్టర్‌గారు ఒకరు పరామర్శకు వచ్చారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మాస్టారూ, మాటలు రానప్పుడు వెతుక్కోకండి. కీర్తనలు ఉన్నాయి కదా. వేళకి తెరవండి, అక్కడ ఉన్నది చదవండి, మూసేయండి" అన్నారు. అప్పటినుంచి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చదువుతున్నాను. దావీదు కూడా యాభై ఐదో కీర్తనలో సాయంకాలమున, ఉదయమున, మధ్యాహ్నమున మొఱ్ఱపెట్టుకుంటానన్నాడు. మా లూథర్‌గారు 1529లో రాసిన చిన్న కాటెకిజంలో పొద్దునా రాత్రీ ఏం చేయాలో వరసగా చెప్పారు: సిలువ గుర్తు వేసుకోవడం, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, ఆపైన ఒక చిన్న ప్రార్థన. పొద్దున అది ముగించి సంతోషంగా పనికి పొమ్మన్నారు, రాత్రి వెంటనే నిద్రపొమ్మన్నారు. కన్ఫర్మేషన్ తరగతుల్లో ఆ పుస్తకం కంఠతా పట్టినవాణ్ణే, ఒక్కరోజూ చేసిన పాపాన పోలేదు. అందుకే ఇలా వేళకి ప్రార్థించడం మనది కాదు, కతోలికులది అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

మంగళగిరి దాటి, కనకదుర్గ వారధి మీదికొచ్చి బస్సు ఆగిపోయింది. ముందంతా లారీలు. కింద ఇసుక తిన్నెల మధ్య కృష్ణ సన్నగా పారుతోంది. చొక్కా జేబులో ఫోన్ వణికింది. తొమ్మిది. రోజులో మొట్టమొదటిది తప్ప ఏ వేళ ప్రార్థనైనా డెబ్భయ్యో కీర్తన మొదటి మాటతోనే మొదలవుతుంది. పక్కాయనకు వినపడకుండా పెదాలతో అనుకున్నాను: "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము."

తొమ్మిది, పన్నెండు, మూడు. ఈ వేళలు పరాయివేమోనని మొదట్లో ఒక శంక ఉండేది. తీరా చూస్తే ఇవి మన జాములే. పొద్దు పొడిచిన మూడు గంటలకు ఒక జాము. పెంతెకొస్తు రోజున పేతురు లేచి, వీళ్లు తాగి లేరు, "ప్రొద్దుపొడిచి జామైన కాలేదు" అంటాడు మన తెలుగు బైబిల్లో. ప్రభువును సిలువ వేసింది పగలు తొమ్మిదింటికి, చీకటి కమ్మింది మధ్యాహ్నం, ఆయన ప్రాణం విడిచింది మూడింటికి. తొలి విశ్వాసులు జాము జాముకూ ఆగి తలుచుకున్నది ఈ వరసనే. బస్సు కదిలేసరికి నా కీర్తన అయిపోయింది.

కాన్వెంటు చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. చిన్న గుడి, కుర్చీలు రెండు వైపులా ఎదురెదురుగా. గంట మోగింది. ముందు త్రికాల జపం. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని వాళ్లు అంటున్నంతసేపూ తల వంచుకుని మౌనంగా నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. తర్వాత మధ్యాహ్న ప్రార్థన, నూట పంతొమ్మిదో కీర్తనలో ఒక భాగం. సిస్టర్‌గారు తన పుస్తకం నాకిచ్చి పక్కావిడ దాంట్లోకి తొంగిచూశారు. ఆ పుస్తకం పేజీల కింది మూలలు వేలు తగిలి తగిలి గోధుమరంగుకు తిరిగాయి. అట్ట వెన్నుకు తెల్ల టేపు. మధ్యలో నాలుగు రంగుల రిబ్బన్లు, ఎర్రది అంచు పోగులు లేచిపోయి ఉంది.

ఒక చరణం అవతలి వైపు వాళ్లు, మరుసటి చరణం మేము. చరణం సగంలో అందరూ ఒక్క ఊపిరి సేపు ఆగుతారు. నాకది తెలియక గబగబా ముందుకు పోయాను. గుడంతా నా గొంతొక్కటే వినిపించింది. రెండోసారీ అంతే. మూడోసారికి ఆగడం వచ్చింది. ఏడాదిగా ఒంటరిగా చదువుతూ నేను ఎంత తొందరపడుతున్నానో ఆ ఆగడంలో తెలిసింది. ఎవరూ సాగదీయరు, ఎవరూ రాగం తీయరు, ఏడవరు. ఆ రోజు సంతోషంగా ఉన్నావిడా, పంటినొప్పితో దవడకు గుడ్డ కట్టుకున్నావిడా అవే మాటలు, అదే గొంతు.

భోజనాల దగ్గర ఆరో శతాబ్దపు బెనెడిక్ట్‌గారి మాట వచ్చింది. "దినమునకు ఏడు మారులు" అన్న వచనం ఆధారంగా పగలు ఏడు వేళలు, రాత్రి ఇంకొకటి పెట్టి, వారంలో నూట యాభై కీర్తనలూ పూర్తయ్యేలా తన మఠానికి నియమం రాశారట. ఇప్పుడు వీళ్లకు ఆ వరస నాలుగు వారాలకు తిరుగుతుంది.

తర్వాత కొండెక్కాను. 1924లో ఇటలీ మిషనరీ ఫాదర్ అర్లాటి ప్రతిష్ఠించిన లూర్దుమాత స్వరూపం దగ్గర కొవ్వొత్తులు కరుగుతున్నాయి. ఫిబ్రవరి తిరునాళ్ల జనం లేరు. పైదాకా పోయి దిగివచ్చి, నీడలో కూర్చుని అలాగే కునుకు తీశాను. లేచేసరికి మూడూ నలభై. పేతురు యోహానులు దేవాలయానికి ఎక్కి వెళ్లిన ఆ ప్రార్థన వేళ, ఇంతదూరం వచ్చి ఆ ఒక్కటీ పోగొట్టుకున్నానని ప్రాణం ఉసూరుమంది. సిస్టర్‌గారితో చెబితే, "వదిలేయండి మాస్టారూ. అప్పు తీర్చినట్టు రెండూ కలిపి చెప్పొద్దు. ఆరింటిది ఉందిగా" అన్నారు.

ఆరింటికి మరియమ్మ పాడిన స్తోత్రం అయ్యాక ప్రభువు ప్రార్థన. పక్కనున్న సిస్టర్‌గారు "మీ నామము పూజింపబడును గాక" అంటున్నారు. నా నోట "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అనే వస్తోంది. మీరు అని వాళ్లు, నువ్వు అని నేను. నా నోట ఆ మాటలు పెట్టింది మా అమ్మ. రెండూ ఒకేసారి మొదలై, ఆమెన్ దగ్గర మళ్లీ ఒకటయ్యాయి.

ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. లైటు వేసి, చెప్పులు విడిచి, ఆ కుర్చీలోనే కూర్చుని నాలుగో కీర్తన తీశాను. చివరి వచనం పైకే చదివాను. "యెహోవా, నెమ్మదితో నేను పండుకొని నిద్రపోవుదును." అక్కడ ఆగాను, ఎదుటి కుర్చీవైపు చూస్తూ, ఒక్క ఊపిరి సేపు. మిగతాదీ నేనే చదివాను. "నేను ఒంటరిగా నుండినను నీవే నన్ను సురక్షితముగా నివసింపజేయుదువు."