తాతయ్య 44, మనవడి 30

మేముండేది చికాగోలో. అమ్మ, బాపు హన్మకొండలో. ఆదివారం వీడియో కాల్ కలవగానే బాపు అడిగేది ఒకటే, "అక్కడ చలెట్లున్నది బిడ్డా?"

జనవరిలో ఒకరోజు మా తొమ్మిదేళ్ల బాబు "30 తాతయ్యా" అన్నాడు. "అయితే మంచిగనే ఉన్నది" అన్నాడు బాపు. కిటికీ బయట మంచు కురుస్తోంది. వాడు చెప్పింది ఫారెన్‌హీట్, ఆయన విన్నది సెల్సియస్. మే నెలాఖరులో బాపు "ఇక్కడ 44" అంటే, వీడు "స్వెటర్ వేసుకోండి తాతయ్యా" అన్నాడు. వాడి లెక్కలో 44 అంటే దాదాపు 7 సెల్సియస్. బాపు కూర్చున్నదేమో రోళ్లు పగిలే రోహిణి కార్తెలో. నాకు మనసు చివుక్కుమంది. తాతయ్య పడుతున్న అవస్థ వీడిదాకా చేరనే లేదు.

ఆ రాత్రే లెక్క నేర్పాను. సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చాలంటే 1.8తో గుణించి 32 కలపాలని సూత్రం. నోటితో చేయడానికి ఇంకో దారుంది: రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసేసి, 32 కలపాలి. 44 రెట్టింపు 88, అందులోంచి 8.8 పోతే 79.2, 32 కలిపితే 111.2.

"నూట పదకొండా! తాతయ్యకు ఏసీ ఉందా?" అన్నాడు.

32 ఎందుకు అనీ అడిగాడు. నీళ్లు గడ్డకట్టేది సెల్సియస్‌లో 0 దగ్గర, ఫారెన్‌హీట్‌లో 32 దగ్గర. మరిగేది 100, 212 దగ్గర. ఒకదాంట్లో 100 మెట్లున్నచోట రెండో దాంట్లో 180 ఉన్నాయి, 1.8 అక్కడిదే. అందుకే సెల్సియస్‌లో "నిన్నటికంటే 2 డిగ్రీలు ఎక్కువ" అంటే ఫారెన్‌హీట్‌లో 3.6 ఎక్కువ అవుతుంది, అక్కడ 32 కలపకూడదు. ఇది పెద్దవాళ్లు కూడా పొరబడే చోటు.

జూన్‌లో హన్మకొండ వెళ్లాం. మూడో రోజే వాడికి జ్వరం. మేం తెచ్చిన థర్మామీటర్ సెల్సియస్‌లో ఉన్న సంగతి నేను చూసుకోలేదు. 38.9 చూపించింది.

"38 ఏంది బిడ్డా? పిల్లగాని ఒళ్లు కాలుతాంది" అంది అమ్మ, వాడి నుదుటి మీంచి చెయ్యి తీయకుండా. మన ఇళ్లల్లో ఎండకు సెల్సియస్, జ్వరానికి ఫారెన్‌హీట్. నేను టెన్షన్‌లో ఉండగా వాడే కళ్లు మూసుకుని గొణిగాడు, "77.8... 70... అమ్మమ్మా, 102."

అమ్మ తడిబట్ట కోసం లేచింది.

మొన్న ఆదివారం వాడు, "తాతయ్యా, మా లెక్కలో 30, మీ లెక్కలో మైనస్ 1" అన్నాడు.

"స్వెటర్ తొడుక్కున్నవా బిడ్డా?" అన్నాడు బాపు.