42వ రోజు

ఆదివారం, రాత్రి పదిన్నర.

మాల లేకుండా, మందు ముట్టకుండా 41 రోజులు దాటడం నా జీవితంలో ఇదే మొదటిసారి. మూడేళ్లు వరసగా అయ్యప్ప మాల వేసుకున్నా. దీక్షలో ఉన్నన్నాళ్లు చుక్క ముట్టేవాణ్ని కాదు. కొండ నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే బ్రాందీ షాపు దగ్గర ఉండేవాణ్ని. నాలుగో ఏటికి తాగుడు బాగా ముదిరింది. మాల వేసుకున్న రెండో రోజు తెల్లారుజామున, చన్నీళ్లు పోసుకుంటుంటే ఫిట్స్ వచ్చి బావి గట్టున పడిపోయా. ఏదో అపచారం చేసుంటాడన్నారు చూసినవాళ్లు. చాన్నాళ్లు నేనూ అదే నమ్మా. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒళ్లు ఉన్నట్టుండి మందు ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చని, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనపడొచ్చని, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చని నాకు ఆస్పత్రిలో చేరాకే తెలిసింది. అందుకే ఈసారి డాక్టర్ల చేతుల్లో ఉండి మానా.

ఆ డాక్టరమ్మ రోజుకి ఎంత తాగుతావని అడిగితే ఒక క్వార్టర్ అన్నా. రైస్ మిల్లులో గుమస్తాని. పుట్టికి 850 కిలోల చొప్పున ఎన్ని లారీల వడ్లు దిగినా కిలో తేడా రానివ్వను. అలాంటివాణ్ని, నా సంగతికొచ్చేసరికి నోటికొచ్చిన అంకె చెప్పేశా. వాళ్లిచ్చే మందు ఆ అంకెను బట్టే ఉంటుందని ఆలోచించలేదు. రాత్రికి చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయా, చొక్కా చెమటతో తడిసిపోయింది. మా ఆవిడే నర్సు దగ్గరికి పోయి, "ఒకటి కాదమ్మా, చానా ఎక్కువ" అని చెప్పింది. ఆ తర్వాతే మోతాదు పెంచారు. ఆ మాట ఆమె చెప్పకపోతే ఇవాళ ఈ పేజీ రాసేవాణ్ని కానేమో.

డిశ్చార్జి రోజు కౌన్సిలర్ ఒక చీటీ ఇచ్చాడు. అందులో రెండు నంబర్లు. ఒకటి 14446, వ్యసనాలు మానాలనుకునేవాళ్లు ఉచితంగా ఫోన్ చేసుకునేది. రెండోది ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లది, తాగుడు మానాలనుకునేవాళ్లు నెల్లూరులో కలుసుకుని మాట్లాడుకునే గుంపు. మూడు వారాలు ఆ చీటీ మిల్లు చిట్టాలోనే ఉంది. గురువారం సాయంత్రం నాలిక పీకేసినట్టయింది, ఇక ఆగలేక రెండో నంబరుకి ఫోన్ చేశా. అవతలాయన పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "ఎన్ని రోజులైందన్నా?" అన్నాడు. 39 అన్నా. "ఈ రాత్రి గడిపెయ్. ఆదివారం రా" అన్నాడు.

ఇవాళ బుచ్చిలో బస్సెక్కి నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు దగ్గర దిగా. ఎవరైనా చూస్తారేమోనని తల దించుకుని నడిచా. పట్టపగలు బ్రాందీ షాపు ముందు వరసలో నిలబడ్డప్పుడు ఈ భయం ఏమైపోయిందో!

గది ఎక్కడో రాయను. చిన్నపిల్లల బెంచీలు, గోడ మీద ఎక్కాలు. పదకొండు మందిమి. ఒక లారీ డ్రైవరు, రొయ్యల గుంటల దగ్గర పనిచేసే కుర్రాడు, రిటైరైన మాస్టారు. కులం అడిగినవాళ్లు లేరు. ఫీజు లేదు. డబ్బా తిరిగింది, ఇష్టమున్నవాళ్లు వేశారు. 1935లో అమెరికాలో మానలేక నలిగిపోయిన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారీ ఒక సర్జనూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో ఇది మొదలైందని మాస్టారు చెప్పారు. ఆయన మానేసి 17 ఏళ్లు. అయినా పొద్దున లేవగానే "ఈ ఒక్కరోజు తాగను" అనుకుంటారట. సలహాలు ఎవరూ ఇవ్వలేదు, ఎవరి కథ వాళ్లు చెప్పుకున్నారు. నా వంతు వచ్చింది. రోజుకి మూడు క్వార్టర్లు అన్నా. ఎవరి మొహంలోనూ మార్పు లేదు. డ్రైవరు టీ గ్లాసు నా వైపు జరిపాడు.

తిరుగు బస్సులో అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పుట్టిల్లు కలిగిరి మండలంలో, దూబగుంటకి దగ్గర. 1992లో నాకు పదేళ్లు. రోసమ్మ, ఆమె వెంట ఆ ఊరి ఆడవాళ్లు సారాని తరిమారని విని అమ్మ వాళ్లూ చీపుర్లు, కారప్పొడి పట్టుకుని అంగడి మీదికి పోయారు. ఆ ఆడవాళ్ల పట్టుదలకే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ తర్వాత రెండేళ్లకి నేను మొదలుపెట్టా. ఇన్నేళ్లలో అమ్మ ఆ రోజుల్ని ఒక్కసారి కూడా నాకు ఎత్తి చూపలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి అమ్మ నిద్రపోయింది. అన్నం తింటూ మా ఆవిడకి చెప్పా, గదిలో అందరి ముందూ నిజం చెప్పానని. మూడు.

పెరుగు వడ్డిస్తూ ఆగింది. "వడ్ల బస్తాల ఎనక దొరికిన ఖాళీ సీసాలే నెలకి నూటికి పైన. పాత సామాన్లాయనకి ఏసింది నేనే గదా, ప్రతి నెలా లెక్కబెట్టుండా. బయట తాగినయ్యి నువ్వే చెప్పాల" అంది. కోపంగా అనలేదు. కాసేపాగి, ఇంట్లోవాళ్లకి కూడా అట్టాంటి గది ఏమైనా ఉందా అని అడిగింది. అల్-అనాన్ అని వేరే ఉంటుందని మాస్టారు అన్నారు, దగ్గర్లో యాడుందో కనుక్కుంటానన్నా.

మా ఆవిడ పడుకుంది. బయట తాగినవి ఒక్కొక్కటే గుర్తు చేసుకుని ఈ పేజీ వెనక కలుపుతూ కూర్చున్నా. ఇంకా మొత్తం తేలలేదు. వచ్చే ఆదివారానికి తేల్చాలి.