సాంచిన్ సాధన, పదకొండో నెల: సెన్సెయ్ వెళ్ళొస్తానన్నారు

రాయగడలో మా మేడ మీద కరాటేలోని సాంచిన్ కతా (ఒకే వరసలో చేసే కదలికల సాధన) మొదలుపెట్టి ఈ నెలకు పదకొండు నెలలు. ఇప్పటిదాకా రాసుకున్నవన్నీ లెక్కలే. ఎన్నిసార్లు చేశాను, వేళ్ళతో మోసే కుండలో ఎంత ఇసుక పోశాను, మోకాలు ఎప్పుడు పట్టేసింది, అంతే. ఈసారి ముందు మా సెన్సెయ్, అంటే గురువుగారి గురించి రాయాలి.

ఆయనది జపాన్‌లో ఒకినావా దీవిలోని నహా. డెబ్బై దాటినా మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకోరు. విశాఖపట్నంలో మా మాస్టారి దగ్గరకు వచ్చి, ఆయన అడగగానే మా ఊరికీ వచ్చారు. ఆరు రోజులు ఉన్నారు. మేము ఎనిమిదిమందిమి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవాళ్ళం. జపనీస్‌లో మాకు వచ్చినవి దండాలు, అంకెలు, దెబ్బల పేర్లు మాత్రమే. మిగతాది మాస్టారు చెప్పేవారు.

మేము నేర్చుకునేది గోజు-ర్యూ అనే కరాటే పద్ధతి. నహాలో పుట్టిన మియాగి చోజున్ (1888–1953) దాన్ని స్థాపించారు. గో అంటే కఠినం, జు అంటే మృదువు. సాంచిన్ అంటే మూడు యుద్ధాలు. చూసేవాళ్ళకు ఇందులో ఏమీ కనబడదు. మూడు అడుగులు ముందుకు, గుద్దులు, వెనక్కి అడుగులు. మియాగి గారి సాంచిన్‌లో వెనక్కి తిరగడం కూడా లేదు. కష్టమంతా నిలబడటంలోనూ ఊపిరిలోనూ ఉంది.

మొదటి రోజు సెన్సెయ్ మమ్మల్ని ఒక్క దెబ్బా కొట్టనివ్వలేదు. సుద్దముక్క అడిగి తీసుకుని, మేడ మీద గొంతుక్కూర్చుని నా రెండు పాదాల చుట్టూ గీత గీశారు. ముందు పాదం మడమ, వెనక పాదం వేళ్ళ కొస ఒకే అడ్డగీత మీదకు రావాలి. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు. ముందు పాదం కొంచెం లోపలికి తిరిగి ఉండాలి. ఇన్నాళ్ళూ నా ముందు పాదం ఇంకో నాలుగు వేళ్ళు ముందుకు పోతోందట. ఆ నాలుగు వేళ్ళ వల్లే నడుము వెనక్కి పోయేది, మోకాలు పట్టేసేది. పదకొండు నెలల మోకాలి నొప్పికి కారణం ఒక సుద్దగీతలో దొరికింది.

తర్వాత వెనక నిలబడి రెండు భుజాల మీద రెండేసి వేళ్ళు ఆనించారు. నొక్కలేదు. నేను ఊపిరి తీసుకోగానే ఎడమ భుజం లేచి ఆయన వేళ్ళకు తగిలింది. మళ్ళీ తీసుకోమన్నారు. మళ్ళీ తగిలింది. అరగంట ఇదే పని. చివరికి ముక్కుతో తీసుకున్న గాలి బొడ్డు కిందికి దిగినప్పుడు భుజం కదల్లేదు. ఆయన వేళ్ళు తీసేశారు. బాగుందని అనలేదు, పక్కవాళ్ళ దగ్గరకు వెళ్ళిపోయారు.

బీపీ ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. నేను రోజూ మాత్ర వేసుకుంటాను. ఊపిరి వదిలేటప్పుడు గొంతు బిగించి గర్జిస్తే మొహం ఎర్రబడి తల దిమ్మెక్కుతుంది. సెన్సెయ్ అది మాన్పించారు. నోటితో వదలాలి, ఒత్తిడి పొట్ట దగ్గర ఉండాలి, గొంతు వదులుగా ఉండాలి. శబ్దం తగ్గింది, తల దిమ్ము కూడా పోయింది.

ఇక కుండలు. నిగిరి గమె అంటే అంచును వేళ్ళ కొసలతో పట్టుకుని మోసే జాడీలు. కొనకుండా మా కుమ్మరి తాత చేత చేయించాను. మూతి ఐదు వేళ్ళకు అందేంత, అంచు బయటికి మందంగా, మెడ సన్నగా. ఖాళీ కుండ కిలోన్నర. ఒక్కోదాంట్లో కిలో ఇసుకతో మొదలుపెట్టి రెండున్నరకు చేరాను. ఆ లెక్క చూసుకుని లోపల గర్వంగానే ఉండేది. సెన్సెయ్ ఒక కుండ ఎత్తి చూసి, మూడు గుప్పిళ్ళ ఇసుక తీసి పక్కన పోశారు. నా మొహం చూశారు. ఇంకా తీశారు. మళ్ళీ కిలో దగ్గరకు వచ్చాం. బరువు ఎక్కువైతే వేళ్ళకు బదులు భుజాలు మోస్తాయి, నా ఎడమ భుజం లేవడం నేర్చుకున్నది ఇక్కడే.

కొత్తగా చేయించేవాళ్ళకు: అంచు కింద గరుకుగా ఉండాలి, నున్నగా ఉంటే చెమటకు జారుతుంది. ఇసుక పొడిగా ఉండాలి. గోనెపట్టా పరిచి దాని మీదే నడవండి. నావి మొదటి జత పగిలింది.

వెళ్ళే ముందురోజు సాయంత్రం శాలువా ఇచ్చాం. నియమగిరి కొండల్లోని డోంగ్రియా కొంధ్ గిరిజన ఆడవాళ్ళు కుట్టేది, 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కుట్టుపనితో బతికేదాన్ని కాబట్టి ఎంచే పని నాకే అప్పగించారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలు, కొండల్లా వరసగా త్రికోణాలు. సెన్సెయ్ రెండు చేతులతో అందుకుని, మడత విప్పి, తిరగేసి వెనక వైపు కుట్టు చాలాసేపు చూశారు. మంచి పనివాళ్ళు ముందు చూసేది అదే.

ఆయన మాకు తలా ఒక తెనుగుయి ఇచ్చారు. సన్నని నూలు గుడ్డ, జానెడున్నర వెడల్పు, దాదాపు గజం పొడవు. రెండు కొసలూ కత్తిరించి వదిలేసి ఉన్నాయి, మడత కుట్టు లేదు. నాకు చెయ్యి ఊరుకోలేదు, మిషన్ మీద కుట్టేద్దామనుకున్నాను. మాస్టారు వద్దన్నారు. అది అలాగే ఉండాలట. మడత లేకపోతే నీళ్ళు నిలవవు, త్వరగా ఆరుతుంది. నాలుగు ఉతుకులకు కొస కొంచెం చిట్లి, తర్వాత దానంతటదే ఆగుతుంది.

బయలుదేరే రోజు పొద్దున్నే ఆటో వచ్చింది. మేమంతా గేటు దగ్గర వరసగా నిలబడ్డాం. క్లాసు అయ్యాక చెప్పే "అరిగతో గొజైమషిత" అన్నాం, చేసినదానికి కృతజ్ఞతలు అని. అది భూతకాలంలో ఉండే మాట. అంటున్నప్పుడే నాకు గొంతు పట్టేసింది. అంతలో అరుగు మీద కూర్చున్న మా అత్తయ్య, "వెళ్ళి రండి బాబూ" అన్నారు.

మన ఇళ్ళల్లో ఎవరూ వెళ్తానని అనరు, వెళ్ళొస్తానంటారు. ఇది మాస్టారు సెన్సెయ్‌కు చెప్పబోయి, నవ్వి, ఒక్క మాటలో ముగించారు: "ఇత్తెరష్షై." జపనీస్‌లోనూ సరిగ్గా అదే, వెళ్ళి రండి. ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళకు ఇంట్లోవాళ్ళు చెప్పేది. సెన్సెయ్ ఆటో దగ్గర నుంచి వెనక్కి వచ్చారు. అరుగు ముందు నిలబడి, నడుము వంచి, "ఇత్తె కిమసు" అన్నారు. వెళ్ళొస్తాను.

స్టేషన్‌లో మాటలేమీ లేవు. రైలు పార్వతీపురం వైపు కదిలాక, ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా మేము వంగే ఉన్నాం. ఆయన తలుపు దగ్గర అలాగే వంగి ఉన్నారని మా అమ్మాయి తర్వాత చెప్పింది. నేను తల ఎత్తలేదు.

ఇది జరిగి పన్నెండు రోజులు. మేడ మీది సుద్దగీతలను అత్తయ్య ముగ్గుగా లెక్కవేసి చీపురు తగలనివ్వలేదు. మొన్న మంచుకు చెరుగుతుంటే తెల్ల ఎనామిల్ పెయింటు తెచ్చి వాటి మీదే గీశాను. రోజుకు సాంచిన్ మూడుసార్లు, అంతకు మించి కాదు. కుండల్లో కిలో ఇసుక, మేడ ఈ చివర నుంచి ఆ చివరకు పది సార్లు. మోకాలు నొప్పి లేదు. ఎడమ భుజం మూడోసారికి ఇంకా లేస్తోంది. అప్పుడు మా అమ్మాయి వెనక నిలబడి రెండు వేళ్ళు ఆనిస్తుంది.

తెనుగుయి ఐదు ఉతుకులు అయింది. కొసన వేలెడు వెడల్పున దారాలు ఊడాయి. వాటిని కత్తెరతో సరిచేశాను, కుట్టలేదు.